లోపాలు గల దాసుడు, అర్థం గల జీవితం

మనలను సృష్టించి, మన బలహీనతలను పూర్తిగా ఎరిగి ఉండి కూడా మనకు బాధ్యతలను అప్పగించిన అల్లాహ్‌కే సర్వస్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక.

సోదరులారా! నేడు మనం ఒక ప్రత్యేకమైన నిరాశను గురించి ఆలోచించదలిచాము. పేదరికం వల్ల, రోగం వల్ల, ఆప్తుల ఎడబాటు వల్ల కలిగే నిరాశను గురించి ఇదివరకు పలుమార్లు చెప్పుకున్నాము. ఇది అటువంటిది కాదు. మస్జిదుకు ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్న మనిషిలోనే ఇది పుడుతుంది. వయసు నలభై దాటింది, కోపం తగ్గలేదు, నాలుక అదుపులోకి రాలేదు, నెలలో సగం రోజులు ఫజ్ర్ నమాజు తప్పుతూనే ఉంది, ప్రతి రమజాన్‌లో చేసుకునే సంకల్పం షవ్వాల్ నెలవంకతోనే చల్లారిపోతోంది, ఇటువంటి నా ఆరాధనకు విలువ ఏమిటి, ఇటువంటి నా బ్రతుకుకు అర్థం ఏమిటి అని ఆ మనిషి తనలో తాను అనుకుంటాడు. ఈ నిరాశ వినయం అనే దుస్తులు ధరించి వస్తుంది కనుక దానిని గుర్తుపట్టడం కష్టం. మొదట అది, నీవు అర్హుడవు కావు అంటుంది. ఆ తరువాత, అర్హత లేనప్పుడు ప్రయత్నం ఎందుకు అంటుంది. మొదటి వరుసలో నిలిచేవాడు చివరి వరుసకు, చివరి వరుసవాడు వాకిలి దగ్గరకు, అక్కడి నుండి ఇంటికి మళ్ళిపోతాడు. ఎవరితోనూ తగవులాడి పోడు, ధర్మాన్ని నిరాకరించి పోడు. తన లోపాలను చూసి తానే సిగ్గుపడి పోతాడు.

ఈ ఆలోచనకు పునాదిలో ఒక పొరపాటు ఉన్నదని మా అభిప్రాయం. లోపాలు అంతమైన రోజున జీవితానికి అర్థం మొదలవుతుందన్న నమ్మకమే ఆ పొరపాటు. దివ్య ఖుర్ఆన్ మనిషి కథను ఎక్కడ నుండి ప్రారంభించిందో చూసినవారికి ఈ నమ్మకం నిలవదు.

ఆదం (అలై) సృష్టికి పూర్వం జరిగిన సంభాషణను అల్ బఖరా సూరా వివరిస్తుంది. భూమిపై ఒక ప్రతినిధిని నియమించబోతున్నట్లు అల్లాహ్ ప్రకటించినప్పుడు, కల్లోలం రేపి రక్తం చిందించేవాడిని నియమించడమా అని దైవదూతలు విన్నవించుకున్నారు. ఆ విన్నపాన్ని అల్లాహ్ ఖండించలేదు. మనిషి కల్లోలం రేపడని గాని, రక్తం చిందించడని గాని చెప్పలేదు. దూతల ఎరుకకు అందనిది తన జ్ఞానంలో ఉన్నదని మాత్రమే తెలియజేశాడు. అంటే మన లోపాలన్నీ ఆ సభలోనే ప్రస్తావనకు వచ్చాయి, అయినా నియామకం రద్దు కాలేదు.

ఇక్కడ క్రమాన్ని కూడా గమనించాలి. నియామకం ముందు ప్రకటితమైంది, చెట్టు దగ్గరి తప్పిదం తరువాత జరిగింది. మనలో చాలామంది దీనిని తలకిందులుగా పట్టుకున్నారు. తప్పు చేసినందువల్లనే మనిషి భూమికి వచ్చాడని, కనుక ఇక్కడి బ్రతుకంతా ఒక చెరసాల వంటిదని భావిస్తారు. భూమి మీద మనిషికి పని ఉన్నదన్న మాట తప్పిదం కంటే ముందే ఖరారైనది. ఆదం (అలై) దంపతులు తప్పు చేశారు, ఇబ్లీసూ తప్పు చేశాడు. ఇబ్లీసు తనను దారి తప్పించింది దైవమేనని నింద మోపాడు. ఆ దంపతులు తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకున్నారు. రెండు వర్గాల దారులు వేరైనది ఆజ్ఞను మీరిన క్షణంలో కాదు, మీరిన తరువాత పలికిన మాటలో.

తౌబా అన్న పదాన్ని కొంచెం విప్పి చూద్దాము. దీనికి తెలుగులో మనం సాధారణంగా పశ్చాత్తాపం అని వాడుతున్నాము. పశ్చాత్ అంటే తరువాత, తాపం అంటే బాధ. తప్పు జరిగిన తరువాత హృదయంలో పుట్టే మంట అని ఈ మాటకు అర్థం. ఇది మంచి మాటే గాని, తౌబాలోని సగమే ఇందులో ఇమిడింది. అరబీలో తౌబా అంటే మరలి రావడం. మంట పుట్టి అక్కడే కూర్చుని కాలిపోయేవాడు పశ్చాత్తప్తుడే కావచ్చు, తౌబా చేసినవాడు మాత్రం కాడు. తౌబాలో కాళ్ళు కదలాలి. ఇంకొక విశేషం ఏమిటంటే, దాసుడు ప్రభువు వైపు మరలడానికి ఏ క్రియ వాడతారో, ప్రభువు కారుణ్యంతో దాసుని వైపు మరలడానికీ ఖుర్ఆన్ అదే క్రియను వాడుతుంది. నడక ఒక వైపు నుండే సాగదని ఆ భాషలోనే ఉన్నది.

ఈ రెండు వైపుల నడకకు ఉదాహరణగా హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) గాథను కొంత వివరంగా చెప్పుకోవాలి. మన మస్జిదులలో ఈ గాథను సాధారణంగా సత్యం పలకడం గురించిన పాఠంగా చెబుతారు. అది సబబే. అయితే లోపం గల మనిషి తన లోపంతోపాటు రోజులు ఎలా గడపాలన్న పాఠం కూడా ఇందులో ఉంది, దాని మీద మన దృష్టి తక్కువగా పడింది.

కఅబ్ (రజి) మదీనా వాసి, అన్సారులలో ఖజ్రజ్ తెగలోని బనూ సలిమా శాఖకు చెందినవారు, పేరున్న కవి. హిజ్రత్‌కు ముందు మక్కా సమీపంలో జరిగిన రెండవ అఖబా ప్రమాణంలో పాల్గొన్న డెబ్బై పైచిలుకు మందిలో ఆయన ఒకరు. అంటే ఆయన విశ్వాసం నిన్న మొన్నటిది కాదు. హిజ్రీ 9వ సంవత్సరం, క్రీస్తుశకం 630లో, రోమనులు సరిహద్దున సమకూడుతున్నారన్న వార్తలు రాగా దైవప్రవక్త (స) తబూక్ ప్రయాణానికి ప్రకటన చేశారు. మదీనా నుండి ఉత్తరంగా 600 కిలోమీటర్లకు పైబడిన దూరం. తీవ్రమైన ఎండలు. ఖర్జూరాలు పండి, తోటల్లో నీడలు హాయిగా ఉన్న రోజులు. సాధారణంగా గమ్యాన్ని గోప్యంగా ఉంచే దైవప్రవక్త (స), దూరాన్ని బట్టి ఈసారి బహిరంగంగానే చెప్పారు, జనం తగిన సన్నాహాలు చేసుకోవాలని. కదలిన సేన 30,000 అని చరిత్రకారులు రాశారు. పేర్లు రాసుకునే పట్టీ ఏదీ లేదు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో లెక్క తేలని పరిస్థితి.

కఅబ్ (రజి) వెనుకబడడానికి కారణం అవిశ్వాసం కాదు, పిరికితనమూ కాదు. తానంతటి ఆరోగ్యవంతుడిగా, కలవాడిగా అంతకు మునుపెన్నడూ లేనని ఆయనే తరువాత చెప్పుకున్నారు. ఎన్నడూ లేనిది అప్పుడు ఆయన వద్ద రెండు వాహన పశువులు ఉన్నాయి. జరిగినది ఇంతే: ప్రొద్దున సామగ్రి సమకూర్చుకుందామని బయలుదేరేవారు, ఏమీ చేయకుండానే సాయంత్రానికి ఇల్లు చేరేవారు. తలచుకుంటే ఎప్పుడైనా చేయగలనులే అనుకునేవారు. సేన కదలిపోయింది. రేపు వెళ్ళి కలుసుకుంటాను అనుకున్నారు, ఆ రేపు కూడా గడిచిపోయింది. మహాపాపాల జాబితాలో ఎక్కడా కనిపించని ఈ వాయిదా అనే అలవాటు అఖబా ప్రమాణం చేసిన మనిషినే ఇంటిలో కూర్చోబెట్టింది. వీధిలోకి వస్తే కపట విశ్వాసులుగా పేరుపడినవారో, కదలలేని బలహీనులో తప్ప మరెవరూ కనిపించేవారు కారు. తాను ఎవరి వరుసలో మిగిలిపోయారో ఆయనకు అర్థమయింది.

తబూక్‌లో దైవప్రవక్త (స) కఅబ్ ఏమయ్యాడని అడిగినప్పుడు, బనూ సలిమాకు చెందిన ఒకరు, తన దుస్తుల సొగసు చూసుకుంటూ ఆగిపోయాడని ఎత్తిపొడిచారు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) వెంటనే అడ్డుపడి ఆ మాట తప్పన్నారు, కఅబ్‌లో తమకు మంచి తప్ప మరేమీ తెలియదన్నారు. తప్పు చేసిన మనిషి ఎదురుగా లేనప్పుడు అతని గురించి ఏం మాట్లాడాలో ముఆజ్ (రజి) అక్కడ చూపించారు. ఇది ప్రసంగంలో ప్రధాన విషయం కాకపోయినా, చెప్పకుండా దాటిపోవడానికి మనసు ఒప్పడం లేదు.

దైవప్రవక్త (స) తిరిగి వచ్చి, అలవాటు ప్రకారం మస్జిదులో రెండు రకాతులు చదివి కూర్చున్నారు. ఆగిపోయినవారు ఒక్కొక్కరే వచ్చి సాకులు చెప్పుకున్నారు. వారు ఎనభై మందికి పైగా ఉన్నారు. ఆయన (స) వారి పైమాటలను స్వీకరించారు, వారికై క్షమాపణ వేడారు, లోపలి సంగతిని అల్లాహ్‌కు వదిలారు. కఅబ్ (రజి) వంతు వచ్చింది. మాటకారి ఆయన, కవి కూడా. లోకంలో మరెవరి ముందు కూర్చున్నా ఏదో ఒక సాకుతో బయటపడగలనని ఆయనకు తెలుసు. కాని ఈ రోజు అబద్ధంతో మెప్పిస్తే రేపు అల్లాహ్ నిజాన్ని బయటపెడతాడని కూడా తెలుసు. తనకు ఏ కారణమూ లేదని, అంతటి వెసులుబాటు ఎన్నడూ లేదని ఉన్నదున్నట్లు చెప్పేశారు. ఇతడు నిజం పలికాడని దైవప్రవక్త (స) అన్నారు, అల్లాహ్ తీర్పు వచ్చేవరకు వేచి ఉండమన్నారు. బయటకు రాగానే సొంత తెగవారు చుట్టుముట్టి, అందరిలాగా ఒక సాకు చెప్పి ఉంటే పోయేదానికి ఇదేం పని అని మందలించారు. వెనక్కి వెళ్ళి మాట మార్చుకుందామా అన్నంతవరకూ ఆయన మనసు ఊగింది. నాలాగే చెప్పినవారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, మురారా బిన్ రబీ (రజి), హిలాల్ బిన్ ఉమయ్యా (రజి) అని ఇద్దరు సత్పురుషుల పేర్లు చెప్పారు. అప్పుడు నిలదొక్కుకున్నారు.

ఆ తరువాత ఈ ముగ్గురితో ఎవరూ మాట్లాడరాదన్న ఆదేశం వచ్చింది. 50 రాత్రులు.

మిగిలిన ఇద్దరు ఇంటిలోనే ఉండి విలపించారు. కఅబ్ (రజి) వారికంటే వయసులో చిన్నవారు, గట్టివారు. ఆయన నమాజుకు వస్తూనే ఉన్నారు. బజారులో తిరుగుతూనే ఉన్నారు. దైవప్రవక్త (స)కు సలాము చేసి, జవాబుగా పెదవులు కదిలాయా లేదా అని చూసేవారు. దగ్గరలో నిలబడి నమాజు చేస్తూ ఓరగా చూసేవారు. తాను నమాజులో ఉన్నంతసేపు ఆయన (స) తనవైపు చూడడం, తాను తిరిగితే మొహం తిప్పుకోవడం కనిపెట్టారు. ఒకనాడు తట్టుకోలేక తన పినతండ్రి కుమారుడైన అబూ ఖతాదా (రజి) తోట గోడ ఎక్కి దిగారు. అబూ ఖతాదా ఆయనకు ఎంతో ఇష్టమైన మనిషి. సలాము చేస్తే జవాబు లేదు. నేను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తానని నీకు తెలియదా అని మళ్ళీ మళ్ళీ అడిగితే, మూడవసారి, ఆ సంగతి అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకే బాగా తెలుసు అన్న మాట మాత్రం వినబడింది. కఅబ్ (రజి) కళ్ళు నిండాయి, గోడ దాటి వచ్చేశారు.

ఆ రోజులలోనే సిరియా నుండి ధాన్యం అమ్ముకోవడానికి వచ్చిన ఒక వ్యాపారి కఅబ్ (రజి)ని వెదుకుతూ వచ్చి ఒక లేఖ ఇచ్చాడు. అది గస్సాన్ రాజు రాయించినది. నీ నాయకుడు నిన్ను దూరం పెట్టాడని విన్నాము, అవమానం పాలు కావలసిన మనిషివి కావు, మా వద్దకు రా, నిన్ను ఆదరిస్తాము అన్నది దాని సారాంశం. మనం ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగాలి. లోపం బయటపడి మనసు గాయపడి ఉన్న వేళ, నీలో ఏ లోపమూ లేదు, నిన్ను తప్పుపట్టినవారిదే లోపం అని పలికే స్వరం ఎంత తీయగా ఉంటుంది! ఆ స్వరం ఇచ్చేది కూడా ఒక రకమైన అర్థమే, ఒక రకమైన గౌరవమే. కఅబ్ (రజి) చదువు వచ్చిన మనిషి కనుక లేఖను తానే చదువుకున్నారు. ఇది కూడా పరీక్షలో భాగమేనని గ్రహించారు. రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గరకు పోయి దానిని అందులో పడవేశారు.

నలభై రాత్రులు గడిచాక భార్యలకు దూరంగా ఉండమన్న ఆదేశం వచ్చింది. ఆయన భార్యను పుట్టింటికి పంపారు. హిలాల్ (రజి) వృద్ధులు, సేవ చేసేవారు లేరు కనుక ఆయన భార్య అనుమతి కోరి సేవ వరకు ఇంట్లోనే ఉండిపోయారు. యాభైయవ రాత్రి గడిచి తెల్లవారింది. కఅబ్ (రజి) తన ఇంటి పైకప్పు మీద ఫజ్ర్ నమాజు చేసి కూర్చున్నారు. విశాలమైన భూమి తనకు ఇరుకైపోయిందనిపించే స్థితి. అప్పుడు సల్ కొండ ఎక్కి ఎవరో బిగ్గరగా శుభవార్త కేకవేశారు. ఆయన అక్కడికక్కడే సజ్దాలో పడిపోయారు. ఒకరు గుర్రం మీద కూడా బయలుదేరారు గాని, గుర్రం కంటే గొంతే ముందు చేరింది. కేక వేసిన మనిషి ఇంటికి రాగానే తన ఒంటి మీది రెండు వస్త్రాలనూ తీసి బహూకరించారు, ఆనాడు ఆయనకు వేరే జత లేదు. అరువు బట్టలు కట్టుకొని మస్జిదుకు పోతే, హజ్రత్ తల్హా (రజి) లేచి పరుగున వచ్చి చేయి కలిపారు. ముహాజిరులలో అలా లేచివచ్చినది ఆయన ఒక్కరే. కఅబ్ (రజి) ఆ కరచాలనాన్ని జీవితాంతం మరువలేదు. దైవప్రవక్త (స) ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. ఈ క్షమ మీ నుండా, అల్లాహ్ నుండా అని కఅబ్ (రజి) అడిగారు. అల్లాహ్ నుండి అన్న జవాబు వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ యాభై రోజులలో కఅబ్ (రజి) జీవితానికి అర్థం ఉన్నదా, లేదా? బయటి లెక్కలలో ఏమీ లేదు. సలాముకు జవాబు లేదు, స్నేహం లేదు, ఇల్లాలు లేదు, క్షమ లభిస్తుందన్న హామీ లేదు. యాభైయవ రోజున తీర్పు వస్తుందని కూడా ఆయనకు తెలియదు. నలభై తొమ్మిదవ రోజు ఉదయం ఆయన లేచినప్పుడు, మొదటి రోజుకూ ఆ రోజుకూ తేడా ఏమీ కనబడి ఉండదు. అయినా వరుసలో వచ్చి నిలబడ్డారు. లోపం గల దాసుడు చేయగలిగిన ఆరాధనలలో ఇది మిక్కిలి గొప్పదని మేము భావిస్తాము. ఆమోదం కనబడని రోజుల్లో మస్జిదుకు నడిచి రావడం. నా వంటి వాని నమాజుకు విలువ ఏమిటి అని ఇంటికి మళ్ళిపోయే సోదరునికి మేము చూపగలిగినది ఆ నలభై తొమ్మిది ఉదయాలనే.

క్షమ ఉన్నది కదా అని తప్పును తేలికగా తీసుకునేవారికి కూడా ఆ ఉదయాలే సమాధానం. వాయిదా వేసినందుకే అన్ని రోజులు పట్టినప్పుడు, క్షమను చవుకగా దొరికే వస్తువని ఎవరనుకోగలరు?

ఈ గాథలోని మరి రెండు సంగతులు మనకు పనికివస్తాయి. క్షమ లభించిన ఆనందంలో కఅబ్ (రజి) తన ఆస్తి సర్వస్వమూ దానం చేసేస్తానన్నారు. తన తప్పిదాన్ని ఒక్క దెబ్బతో తుడిచివేసి సంపూర్ణుడు కావాలన్న ఆరాటం అది. కొంత నీ వద్ద ఉంచుకో, అది నీకు మేలు అని దైవప్రవక్త (స) ఆపారు. ఖైబర్‌లోని తన భాగాన్ని ఉంచుకున్నారు. పాపం చేసినప్పుడే గాక, తౌబా చేసినప్పుడు కూడా మనిషి హద్దు మీరగలడు. ఒక్క రాత్రిలో వలీ అయిపోవాలని బయలుదేరి, పది రోజులకు అలసిపోయి, మునుపటికంటే దూరంగా పడిపోయినవారు మన మధ్య ఉన్నారు. క్రమం తప్పకుండా చేసే చిన్న పని అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమన్న ప్రవక్త (స) బోధ కూడా ఇదే దారి చూపుతుంది.

రెండవది, అత్తౌబా సూరాలో ఈ ముగ్గురి క్షమ అవతరించిన తీరు. ఆ వాక్యాలు ఈ ముగ్గురితో మొదలు కావు. అల్లాహ్ దైవప్రవక్త వైపు, కష్టకాలంలో ఆయనను వెన్నంటిన ముహాజిరుల వైపు, అన్సారుల వైపు కారుణ్యంతో మరలాడని చెప్పి, ఆ వెంటనే ఈ ముగ్గురిని చేరుస్తుంది. వారు మరలి రాగలిగేటట్లు తానే ముందు వారి వైపు మరలాడని అంటుంది. తబూక్‌కు వెళ్ళినవారూ ఆ కారుణ్యమే పొందారు, వెళ్ళనివారూ ఆ కారుణ్యమే పొందారు. ఒకే క్రియ, ఒకే వరుస. యాభై రోజులు ఒంటరిగా నిలిచినవారిని అల్లాహ్ తన గ్రంథంలో ఒంటరిగా నిలబెట్టలేదు.

కొందరు అడుగుతారు, కఅబ్ (రజి) తప్పు ఒక్కసారి జరిగిపోయిన తప్పు, మాది రోజూ జరిగేది, పైగా మా మంచి పనులలో కూడా కల్మషం ఉంది, నలుగురూ మెచ్చుకోవాలని చేస్తున్నామేమోనని భయం అని. ఇది నిజాయితీ గల ప్రశ్న. ఇమామ్ గజాలీ (రహ్మ)కు సరిగ్గా ఇదే ఎదురైంది. బగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ఆయన అత్యున్నత ఆచార్యపీఠంలో ఉన్నారు. క్రీస్తుశకం 1095లో తన సంకల్పాన్ని పరీక్షించుకుంటే, తన బోధన వెనుక అల్లాహ్ ప్రసన్నత కంటే కీర్తి కాంక్షే కదలుతున్నట్లు కనబడిందని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. దాదాపు ఆరు నెలలు వెళ్ళాలా, ఉండాలా అని ఊగిసలాడారు. చివరకు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు, ముద్ద గొంతు దిగలేదు, వైద్యులు ఆశ వదులుకున్నారు. పీఠం విడిచి సిరియా వెళ్ళిపోయారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తక్కువమంది చెప్పే భాగం ఏమిటంటే, సుమారు పదకొండేళ్ళ తరువాత, 1106లో, ఆయన నైషాపూరులోని నిజామియాలో మళ్ళీ పాఠం చెప్పడానికి కూర్చున్నారు. అదే వృత్తి, అదే విద్య. కల్మషం అంటిన పనిని శాశ్వతంగా వదలివేయడం ఆయన కనుగొన్న పరిష్కారం కాదు. సంకల్పాన్ని కడుక్కొని పనిలోకి తిరిగి రావడమే.

మనం అందరం పదకొండేళ్ళు దేశాలు తిరగలేము. అంగళ్ళు ఉన్నాయి, పిల్లల చదువులు ఉన్నాయి. అందుకే హజ్రత్ హంజలా (రజి) ఉదంతం మనకు ఊరట. ఆయన దైవప్రవక్త (స) లేఖకులలో ఒకరు. ప్రవక్త (స) సన్నిధిలో ఉంటే స్వర్గనరకాలు కళ్ళెదుట కనబడుతున్నట్లుంటుందని, ఇల్లు చేరి ఆలుబిడ్డలలో, జీవనోపాధిలో పడగానే చాలా మరచిపోతున్నానని, తాను కపటి అయిపోయానేమోనని వాపోయారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) విని, నా స్థితీ అదేనన్నారు! ఇద్దరూ వెళ్ళి విన్నవించుకుంటే, మీరు నిత్యం ఆ స్థితిలోనే ఉంటే దైవదూతలు మీ పడకల వద్దకూ, మీ దారులలోకీ వచ్చి మీతో కరచాలనం చేసేవారని, కాని దానికొక వేళ, దీనికొక వేళ ఉంటుందని దైవప్రవక్త (స) ఓదార్చారు. అబూబక్ర్ (రజి) అంతటివారి హృదయానికే ఆటుపోట్లు ఉన్నప్పుడు, మన హృదయం నిశ్చలంగా లేదని మనం ధర్మాన్ని వదలుకోవడం ఏమి న్యాయం?

ఇక ఆచరణకు వద్దాము. తౌబాకు షరతులను ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో స్పష్టంగా రాశారు: ఆ తప్పును వదలాలి, చేసినందుకు బాధపడాలి, ఇక చేయనని నిశ్చయించుకోవాలి. తోటి మనిషి హక్కు ఇమిడి ఉంటే నాలుగవది కూడా చేరుతుంది, ఆ హక్కును తిరిగి చెల్లించాలి. మొదటి మూడింటికి సజ్దాలో కన్నీరు సరిపోవచ్చు. నాలుగవదానికి జేబు తెరవాలి.

మన ప్రాంతపు ఉదాహరణే తీసుకుందాము. పెళ్ళినాడు జోడే కీ రఖం పేరిట మామగారి నుండి సొమ్ము తీసుకున్న వ్యక్తి, ఇరవై ఏళ్ళ తరువాత ఆ పని అన్యాయమని గ్రహించాడనుకోండి. ఆ సొమ్ముతో అంగడి పెట్టాడు, ఇల్లు కట్టాడు. తన బ్రతుకు మొత్తం అన్యాయం మీద లేచినదని కుమిలిపోతూ, ఎవరికీ చెప్పుకోలేక మస్జిదుకు రావడం తగ్గించాడు. అతని కుమిలిపాటు నిజమైనదే. కాని దానివల్ల ఆ మామగారి ఇంటికి ఒక్క రూపాయి కూడా చేరదు. ఆయన ఉంటే ఆయనకు, లేకపోతే ఆయన వారసులకు ఆ సొమ్ము లెక్కగట్టి ఇవ్వాలి. ఒకేసారి కుదరకపోతే వారితో మాట్లాడుకొని నెలనెలా ఇవ్వాలి. ఆ వాయిదాలు కట్టే ప్రతి నెలా అతని జీవితానికి ఒక పని ఉంటుంది, ఆ పనికి ఒక అర్థం ఉంటుంది. తన కొడుకు పెళ్ళినాడు ఎవరి వద్దా చేయి చాపకపోవడం మరొక పని. అక్కచెల్లెళ్ళకు తండ్రి భూమిలో ధర్మం ప్రకారం రావలసిన వాటా ఇవ్వకుండా, వారు ప్రేమతో వదిలేశారని చెప్పుకుంటున్నవారి సంగతి కూడా ఇంతే. వాటాను రాసి వారి చేతికిచ్చిన తరువాత కూడా వదిలేస్తారేమో చూడాలి. మాకు తెలిసినంతలో, అలా వదిలేసినవారు తక్కువ.

ప్రళయం ముంచుకొస్తున్న ఘడియలో కూడా చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటమని దైవప్రవక్త (స) బోధించారు. నాటేవాడు పాపరహితుడై ఉండాలన్న షరతు అక్కడ లేదు. ఆ మొక్క కాపుకు వస్తుందన్న హామీ కూడా లేదు. చేయి ఉంది, మొక్క ఉంది, పని ఉంది.

కఅబ్ (రజి) ఆ తరువాత చాలాకాలం జీవించారు. సత్యమే తనను కాపాడిందని, ఇక జీవించినంతకాలం సత్యమే పలుకుతానని ఆనాడు దైవప్రవక్త (స) ఎదుట చేసిన ప్రతిజ్ఞపై నిలిచారు. వార్ధక్యంలో ఆయనకు చూపు పోయింది. కుమారుడు అబ్దుల్లాహ్ చేయి పట్టుకొని నడిపించేవారు. ప్రతిరోజూ ప్రొద్దున బయలుదేరి సాయంత్రం ఏమీ చేయకుండా తిరిగి వచ్చిన సంగతి, మాట మార్చుకుందామా అని మనసు ఊగిన సంగతి, తోట గోడ దాటి ఏడ్చిన సంగతి, ఏదీ దాచకుండా ఆయన ఆ కుమారునికి చెప్పారు. ఆ కుమారుని నోటి ద్వారానే ఈ గాథ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలోకి చేరింది.